కార్డు చెల్లుతుంది

కోరుట్ల
8 జులై 2011

భూమన్నకు,

సలాం. పోశవ్వ వదినకు నా నమస్కారాలు. ఇక్కడ నేనూ ఖైరున్నీసా ఇంత తిని, ఇంత తగవులాడుకొని బాగానే ఉన్నాం.

మొన్న నీకు ఫోన్ చేశాను. "ఆఁ? ఎవలు? గట్టిగ మాట్లాడు!" అని అరిచి నువ్వే పెట్టేశావు. ఇన్నేళ్ళు సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడులో నిలబడి చెవులు పోగొట్టుకున్నవాడితో మాట్లాడాలంటే నాకు పోస్టాఫీసే గతి. జగిత్యాల బడిలో పక్కపక్కన కూర్చున్నప్పుడు చెవిలో చెప్పుకున్నవన్నీ ఇప్పుడు కాగితం మీద పెట్టాల్సి వస్తోంది.

తెలంగాణ బంద్‌కు రెండు రోజులు నా గడియారాల దుకాణం కూడా మూశాను. ర్యాలీ ఎట్లా జరిగిందని నువ్వు అడుగుతావు కాబట్టి ముందే రాస్తున్నాను. దుకాణం మెట్ల మీద కూర్చొని చూశాను. డప్పులు, మైకు, నినాదాలు వింటే వేయిమంది చప్పుడు. మనుషులు మాత్రం పది పన్నెండుగురు కనిపించారు. మన బడి ప్రభాతభేరికే ఇంతకంటే ఎక్కువమందిమి పోయేవాళ్ళం. మనసుకు చాలా బాధనిపించింది. మీ సిరిసిల్లలో కూడా ఇంతేనా?

ఖైరున్నీసా చాయ్ గ్లాసు ఎక్కడ పెట్టకూడదో అక్కడే పెడుతోంది. రోజూ నా చెయ్యి తగిలి పడుతోంది, రోజూ తిట్లు నాకే.

నీ
ఇనాయతుల్లా

*

సిరిసిల్ల
14 జులై 2011

ఇనాయత్‌కు,

నీ ఉత్తరం చదివాక నాకు అన్నం ముద్ద దిగలేదు.

పది పన్నెండుగురా? నా ముందర పేపరు ఉంది. కోరుట్ల బజారు ఫోటో వేశారు. ఇసుక వేస్తే రాలనంత జనం. నీ దుకాణం బోర్డు కూడా కనిపిస్తోంది. దాని మెట్ల దాకా మనుషులే. ఆ మెట్ల మీద ఒకడు కూర్చొని ఉన్నాడు, వాడు నువ్వే. అంతమంది నడుమ కూర్చొని పదిమందే వచ్చారని రాయడానికి నీకు చెయ్యి ఎట్లా వచ్చింది?

మేము ఇక్కడ మరమగ్గాల సాంచలు బంద్ పెట్టి, రోజు కూలి పోయినా పర్వాలేదని రోడ్డు మీద నిలబడ్డాం. దుకాణం మూయాల్సి వచ్చిందని నీకు కడుపు మండితే ఆ సంగతి చెప్పు. మాతో లేకపోతే లేనని చెప్పు. జనాన్ని మాత్రం తక్కువ చేయకు.

పోశవ్వ "గంత కోపమెందుకయ్యా, ఎన్కటి దోస్తు గదా" అంటోంది. దోస్తు కాబట్టే కోపం.

భూమన్న

*

కోరుట్ల
25 జులై 2011

భూమన్న గారికి,

'మాతో' అని రాశావు. ఆ ఒక్క మాట దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. మా తాత జగిత్యాలలో పుట్టాడు, మా నాన్న జగిత్యాలలో పోయాడు. నీ ఇంట్లో అంబలి తాగి, నా ఇంట్లో నీకు సేమియా పెట్టి పెరిగాం. నువ్వు ఒక వైపు, నేను ఒక వైపు ఎప్పటి నుంచి అయ్యాం?

నేను కంటితో చూసిందే రాశాను. పేపరువాడు నిచ్చెన ఎక్కి తీసుంటాడు, నాకు తెలియదు. నా కళ్ళను అనుమానించకు. కంటికి భూతద్దం పెట్టుకొని, ఆడవాళ్ళ వాచీలో వెంట్రుక కంటే సన్నటి స్ప్రింగును నిన్ననే సరిచేశాను. కళ్ళ క్యాంపు పెడితే ఖైరున్నీసా పోరు పడలేక వెళ్ళాను. ఒక కన్ను మూయమనే లోపే బోర్డు మీద చివరి వరుస దాకా గడగడా చదివేశాను. "చాచా, మీయి పోరగాండ్ల కండ్లు" అని అక్కడి అమ్మాయి నన్ను వాకిట్లోంచే పంపేసింది.

ఇంకొకటి కూడా విను. వారం కింద నడుస్తుంటే పక్క నుంచి సైకిలువాడు వచ్చి గుద్దాడు. వాణ్ణి నాలుగు తిట్టాను. తగవు పెట్టుకుంటే ఎదురుగా పెట్టుకుంటాను, నీలాగా పేపరు అడ్డం పెట్టుకొని కాదు.

రాయాలనిపిస్తే రాయి.

ఇనాయతుల్లా

*

సిరిసిల్ల
26 సెప్టెంబర్ 2011

ఇనాయత్ భాయ్‌కి,

రెండు నెలలు నీకు రాయలేదు. కోపం ఒక నెలలోనే పోయింది. మిగతా నెల మొండితనం.

సకల జనుల సమ్మె మొదలయ్యాక బొగ్గు లేక కరెంటు సరిగ్గా లేదు, సాంచలు ఆగిపోయాయి. ఊరంతా చప్పుడు లేకుండా అయిందని అందరూ అంటున్నారు. నాకు ఏ తేడా తెలియలేదు. నిన్న షెడ్డు అరుగు మీద కూర్చొని ఒక సంగతి ఆలోచించాను. నా చెవులు పోయిన విషయం నాకు చాలా ఏళ్ళు తెలియలేదు. ఎందుకంటే సాంచల మధ్య ఎవరికీ ఏమీ వినపడదు, అందరం సైగలతోనే నడిపిస్తాం. అక్కడ నేను అందరితో సమానం. ఇంట్లో పోశవ్వ "నీకు ఇనవడ్తలేదా?" అంటే "నువ్వే మెల్లగ మాట్లాడ్తున్నవ్" అని ఆమె మీద పడేవాణ్ణి. నా పనే నా రోగాన్ని దాచింది.

ఆ తర్వాత నీ రెండు ఉత్తరాలు తీసి మళ్ళీ చదివాను. చప్పుడు వేయిమందిదని నువ్వే రాశావు. నీ చెవులు మంచివి, అవి అబద్ధం చెప్పవు. చాయ్ గ్లాసు పక్కన ఉంటే పడిపోతోంది. సైకిలు పక్క నుంచి వచ్చి గుద్దింది. ర్యాలీలో నీకు నేరుగా ఉన్న పదిమంది కనిపించారు, పక్కలకున్న జనం కనపడలేదు. ఇనాయత్, నువ్వు జనాన్ని తక్కువ చేయలేదు. నీకు పక్క చూపు పోతోంది. భూతద్దంలోంచి చూసే పనికి నడిమి చూపు ఉంటే చాలు, అందుకే నీకు తెలియలేదు. క్యాంపు బోర్డు కూడా నేరుగానే ఉంటుంది.

నేను డాక్టరును కాను. తప్పయితే నన్ను తిట్టు, సంతోషంగా పడతాను. ముందు నేను చెప్పింది చెయ్యి. గోడ గడియారం ఎదురుగా కూర్చో. చూపు దాని మీదే పెట్టు. భాబీని నీ వెనక నుంచి, చెవి పక్కగా చెయ్యి మెల్లగా ముందుకు తెమ్మను. ఎక్కడ కనపడిందో చెప్పు. రెండు వైపులా చెయ్యి. నాకు నిజం రాయి.

మాటలు తూలాను. 'మాతో' అన్నందుకు సిగ్గుపడుతున్నాను. నా చెవులను నేను పట్టించుకోలేదు, పోయాయి. నీ కళ్ళను మాత్రం వదలను.

నీ
భూమన్న

*

కోరుట్ల
1 అక్టోబర్ 2011

భూమన్నా,

నీ ఉత్తరం చదివి నవ్వాను. తర్వాత చూద్దామని గడియారం ముందు కూర్చున్నాను.

ఖైరున్నీసా వెనక నిలబడి "కనవడ్తుందా?" అంది. లేదన్నాను. "ఇప్పుడు?" లేదన్నాను. చెయ్యి ఇంకా తేలేదేమో అనుకున్నాను. తిరిగి చూస్తే ఆమె చెయ్యి నా చెంప దాటి ముందుకు వచ్చి ఉంది. ఆమె కళ్ళలో నీళ్ళు. రెండు వైపులా కొంచెం లోటుంది భూమన్నా, నువ్వు చెప్పినట్టే.

మర్నాడే మెట్‌పల్లిలో ఒక కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. నీటి కాసులు అన్నాడు. కంటి లోపల ఒత్తిడి పెరిగి పక్క నుంచి చూపును తినుకుంటూ వస్తుందట. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. పోయిన చూపు తిరిగి రాదు. మందుతో లొంగే హద్దు దాటింది, తొందరగా ఆపరేషన్ చేస్తే మిగిలింది నిలుస్తుంది, లేకపోతే నడిమి చూపు కూడా పోతుందన్నాడు. నడిమి చూపు పోతే నేను వాచీ ఎట్లా పట్టుకోవాలి? దుకాణం మూసి ఏం చేయాలి?

ఖైరున్నీసా ఆరోగ్యశ్రీ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన ముట్టుకోలేదు. "మాకాడ గది చెల్లదమ్మా, పైసలు పెట్టాలె" అన్నాడు. ఆయన చెప్పిన ఖర్చు విని ఆమె నా చెయ్యి పట్టుకొని లేపింది. కోరుట్లలో అడిగిన చోట కార్డుకు గుండె, కిడ్నీలైతే చేస్తారు, కళ్ళకు ఎవరు చేస్తారో తెలియదన్నారు. హైదరాబాదు పొమ్మన్నారు. బస్సులు లేని ఈ రోజుల్లో హైదరాబాదా? సమ్మె అయిపోనీ, అప్పుడు చూద్దాం.

నువ్వు దిగులు పడకు.

నీ
ఇనాయతుల్లా

*

సిరిసిల్ల
8 అక్టోబర్ 2011

ఇనాయత్‌కు,

సమ్మె అయ్యాక చూద్దామన్న మాట మళ్ళీ రాయకు. సమ్మె ఎప్పుడు ముగుస్తుందో మాకే తెలియదు, నీ కంటికి ఏం తెలుసు?

సాంచలు ఆగి ఉన్నాయి కాబట్టి నేను ఖాళీ. ఒక పలకా బలపాలూ కొన్నాను. పలక మీద 'నాకు చెవులు వినపడవు. నీటి కాసుల ఆపరేషన్‌కు కార్డు తీసుకుంటారా? జవాబు రాయండి' అని రాసుకొని సిరిసిల్లలో కళ్ళ డాక్టరు అన్న ప్రతి బోర్డు కిందా నిలబడ్డాను. ఒకచోట కాంపౌండరు 'లేదు' అని పలకంత రాశాడు. ఒకచోట అద్దాలు కావాలంటే ఇస్తామని రాశారు. ఇంకొకచోట డాక్టరు నాకే చెవుల పరీక్ష రాసిచ్చాడు! పలక నాదైతే రోగం కూడా నాదే అనుకున్నాడు.

సాయంత్రం దీక్షా శిబిరంలో నీరసంగా కూర్చుంటే మా పక్కింటివాళ్ళ చుట్టం కనకవ్వ నా పలక చదివించుకుంది. ఆమెది సారంగాపూర్. తన కంటిని వేలితో చూపించి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. నేను పలక ఇస్తే, "నాకు రాసుడెక్కడ అస్తది?" అని కసిరిందట. పక్కనున్న పోశవ్వ ఆమె చెప్పింది రాసి పెట్టింది. జగిత్యాలలో సామేలు డాక్టరు కనకవ్వ కంటికి కార్డు మీదే ఆపరేషన్ చేశాడు.

ఒకరి చెప్పుడు మాట మీద నిన్ను పంపడం ఇష్టం లేక, బట్ట లోడు లారీ ఎక్కి నేనే జగిత్యాల పోయివచ్చాను. చిన్న ఆస్పత్రి. సామేలు డాక్టరు ముసలాయన, ఓపిక ఉన్నవాడు. నా పలక మీద నిండా రాశాడు. నాకు ఒక్క అక్షరం అర్థం కాలేదు. పక్క మందుల షాపువాడికి చూపిస్తే వాడూ తల గోక్కున్నాడు. మళ్ళీ లోపలికి పోతే ఆరోగ్యమిత్ర అని కార్డులు చూసే అమ్మాయి ఉంది, ఆమె అంతా తుడిచి గుండ్రంగా రాసింది: 'కార్డు చెల్లుతుంది. మనిషిని తీసుకురండి.'

పలక తుడవకుండా సిరిసిల్ల దాకా పట్టుకొచ్చాను.

ఉత్తరం అందగానే బయలుదేరు. ఆటో దొరికితే ఆటో, ట్రాక్టరు దొరికితే ట్రాక్టరు. మనం అడుగుతున్న తెలంగాణలో నువ్వు గుడ్డివాడివై కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

నీ
భూమన్న

*

కోరుట్ల
13 అక్టోబర్ 2011

భూమన్నా,

తొందరలో రాస్తున్నాను. జగిత్యాల పోయివచ్చాం. సామేలు డాక్టరు పరీక్షలన్నీ చేశాడు. "పోయింది తేలేను, ఉన్నది పోనియ్య" అన్నాడు. కాగితాలు హైదరాబాదుకు పంపి మంజూరు తెప్పించారు. సోమవారం పదిహేడున కుడి కంటికి ఆపరేషన్. ఆ రోజు రోడ్లు మూస్తారని అందరూ అంటున్నారు. డాక్టరును వేరే రోజు అడుగుతానంటే ఖైరున్నీసా ఒప్పుకోలేదు. "రోడ్డు మూసెటోళ్ళు గూడ మన పిల్లలే" అంది.

నువ్వు చేసినదానికి ఏం రాయాలో తెలియడం లేదు. దువా చెయ్యి.

ఇనాయతుల్లా

*

జగిత్యాల
19 అక్టోబర్ 2011

భూమన్న భాయ్‌కి,

మీ ఖైరున్నీసా సలాం. ఆయన కంటికి కట్టు ఉంది కాబట్టి నేను రాస్తున్నాను. నా తెలుగు రాతలో తప్పులుంటే నవ్వకండి. ఆపరేషన్ బాగా జరిగింది. ముందు ఆ మాట చదివి కూర్చోండి, మిగతాది తర్వాత చదవండి.

సోమవారం తెల్లవారగానే ఆటోలో బయలుదేరాం. మేడిపల్లి దాటకముందే రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పెట్టి, పొయ్యిలు పెట్టి అక్కడే వండుతున్నారు. పిల్లలు ఆటో ఆపారు. కంటి ఆపరేషన్ అని చెప్పాను. ఒక పిల్లగాడు వంగి ఈయన ముఖం చూసి "కండ్లు మంచిగనే ఉన్నయ్ గదమ్మా, పువ్వు లేదు, ఎరుపు లేదు. అందరు గిట్లనే ఏదో ఒకటి జెప్తుండ్రు" అన్నాడు. ఈయన "పోనీ, వాపస్ పోదాం" అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

ఈయనను కిందికి దింపి రోడ్డు నడుమ నిలబెట్టాను. "గా పొయ్యినే చూడుండ్రి" అన్నాను. ఆ పిల్లగాణ్ణి పిలిచి వాడి చేతిలో జెండాను ఈయన చెవి పక్క నుంచి మెల్లగా ముందుకు తెమ్మన్నాను. మీరు ఉత్తరంలో రాసిన పరీక్షే. "కనవడ్తుందా చాచా?" అని వాడు అడుగుతున్నాడు, ఈయన లేదంటున్నారు. జెండా దాదాపు ముక్కు ముందుకు వచ్చింది. అప్పుడు ఈయన ఉలిక్కిపడి వెనక్కి అడుగేశారు. పిల్లగాడు జెండా దించేశాడు.

గంజులో గరిటె తిప్పుతున్న ఐలవ్వ అనే ముసలామె లేచి, "ఇంకేం జూస్తుండ్రురా, రాళ్ళు దియ్యుండ్రి" అని అరిచింది. వాళ్ళే రాళ్ళు తీశారు. ఇద్దరు బండి మీద మా ముందు వచ్చి, దారిలో ఎక్కడ ఆపినా వాళ్ళే మాట్లాడి, జగిత్యాలలో ఆస్పత్రి గేటు దాకా దించిపోయారు.

కార్డు పని, ఫోటోలు, వేలిముద్రలు అన్నీ నేను కిటికీ దగ్గర నిలబడి చూసుకున్నాను. ఎవరూ ఒక్క రూపాయి అడగలేదు. వరండాలో ఈయన కూర్చున్న బెంచీ మీద ఎవరో బత్తాయిల సంచీ మరిచిపోయారు. అందరినీ అడిగాం, మాది కాదన్నారు. చివరికి వార్డులో పంచిపెట్టాను.

మీ చెల్లెలు
ఖైరున్నీసా

*

సిరిసిల్ల
28 అక్టోబర్ 2011

ఖైరున్నీసా చెల్లెకు, ఇనాయత్‌కు,

ఆపరేషన్ బాగా జరిగినందుకు సంతోషం. సమ్మె ముగిసింది, సాంచలు మళ్ళీ నడుస్తున్నాయి. నేను పనిలో పడ్డాను.

ఆ బత్తాయిలు నావి.

రాయకూడదని ఇన్నాళ్ళు ఆగాను. ఆదివారం సైకిలు మీద బయలుదేరాను, వేములవాడలో పడుకొని సోమవారం పొద్దుటికి జగిత్యాల చేరాను. ఇనాయత్ వరండాలో ఒక్కడే కూర్చొని ఉన్నాడు. నేను పక్కకు వెళ్ళి నిలబడ్డాను. మరీ పక్కకు కాదు, అతని చూపు సంగతి నాకు తెలుసు కాబట్టి ఒక అడుగు ముందుకే నిలబడ్డాను. గట్టిగా పిలవబోతే నర్సు వేలు నోటి మీద పెట్టి నన్ను ఆపింది. నా గొంతు నాకు వినపడదు, అందుకని మాట్లాడలేదు. చూస్తాడులే అని సంచీ బెంచీ మీద పెట్టి నిలబడ్డాను. చూడలేదు. లోపలికి పిలిచినప్పుడు లేచి నా పక్క నుంచే పోయాడు. అతని భుజం నా భుజానికి తగిలింది. ముఖం తిప్పకుండా లోపలికి పోయాడు.

జులైలో నేను రాసిన మాటలు చిన్నవి కావు. ఉత్తరంలో మన్నించడం వేరు, మనిషి ఎదురుపడ్డప్పుడు మన్నించడం వేరు. నాకు అర్థమైంది. కన్ను నిలిచింది, నాకు అది చాలు. మందులు మానవద్దని చెప్పు చెల్లె.

భూమన్న

*

కోరుట్ల
5 నవంబర్ 2011

భూమన్నా,

కట్టు విప్పారు. రాయవద్దని డాక్టరు చెప్పినా నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఉండనీ.

నీకు నేను అబద్ధం రాశాను. రెండు వైపులా కొంచెం లోటుందని రాశాను కదా. కొంచెం కాదు. ఆ రోజు గడియారం ముందు కూర్చొని కుడి కన్ను మూసుకుంటే నాకు గడియారమే కనపడలేదు. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. మొదటి నుంచి కుడి కంటికే భూతద్దం పెట్టేవాణ్ణి, ఎడమది మూసి ఉంచేవాణ్ణి. అందుకే అది ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. కుడి కంటికి మిగిలింది ఒక గొట్టంలోంచి చూసినంత చూపు. దాన్నే సామేలు డాక్టరు కాపాడాడు.

ఈ సంగతి నీకు రాయవద్దని ఖైరున్నీసాకు ఒట్టు పెట్టాను. మనం మాట్లాడుకోని ఆ రెండు నెలలు నీకు గుర్తొస్తాయని, నా కన్ను నీ వల్లే పోయిందని కుమిలిపోతావని భయపడ్డాను. డాక్టరును ప్రత్యేకంగా అడిగాను. ఏళ్ళ తరబడి పోతూ వచ్చిందట, రెండు నెలల్లో పోయేది కాదట. నువ్వు నమ్మవని రాయలేదు. కానీ ఇప్పుడు రాయకపోతే నేను నీకు ముఖం చాటేశానని నువ్వు బతికినంత కాలం అనుకుంటావు. అది నాకు కన్ను పోవడం కంటే ఎక్కువ.

నువ్వు నిలబడింది నా ఎడమ వైపు. ఒక అడుగు కాదు, పది అడుగులు ముందుకు వచ్చి నిలబడినా ఆ వైపు నాకు ఎవరూ ఉండరు. లేచి నడుస్తుంటే ఎడమ భుజానికి ఎవరో తగిలారు, నాకు బాగా గుర్తుంది. "మాఫ్ కరో భాయ్" అన్నాను. జవాబు రాలేదు. పెద్దమనిషికి కోపం వచ్చినట్టుంది అనుకుంటూ లోపలికి పోయాను.

అది నువ్వా భూమన్నా? సైకిలు తొక్కుకుంటూ అంత దూరం వచ్చింది నువ్వా? నీ ఉత్తరం ఖైరున్నీసా చదివి వినిపిస్తుంటే, డాక్టరు వద్దన్నా నాకు ఏడుపు ఆగలేదు.

వచ్చే శుక్రవారం నమాజు అయ్యాక బస్సెక్కి సిరిసిల్ల వస్తున్నాం. ఖైరున్నీసా నా ఎడమ వైపు నడుస్తుంది. బస్టాండులో నువ్వు కుడి వైపు వచ్చి నిలబడు.

నీ
ఇనాయత్